వానలో ఆల్ప్స్ కనుమలు: బృందంగా బైకుల మీద వెళ్లేవారి సందేహాలు

సెప్టెంబరు దగ్గర పడుతున్నందువల్ల కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం యూరప్‌లో బైకు యాత్రల గురించే ఉన్నాయి. వాటిలోనూ అందరినీ వేధిస్తున్న ప్రశ్న వాతావరణమే. అందుకని మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు పెట్టి, ఈ శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాను.

*ప్రశ్న: మేము తొమ్మిది మందిమి, అందరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లం. సెప్టెంబరు రెండో సగంలో మ్యూనిక్‌లో బైకులు అద్దెకు తీసుకుని, ఆస్ట్రియాలోని గ్రాస్‌గ్లాక్నర్, ఇటలీలోని డోలమైట్స్, స్టెల్వియో, స్విట్జర్లాండ్‌లోని ఫుర్కా కనుమల మీదుగా పది రోజుల్లో తిరిగి మ్యూనిక్ చేరాలని అనుకుంటున్నాం. హోటళ్లన్నిటికీ ముందే డబ్బు కట్టేశాం. వాన పడితే ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా మాలో కొందరు "అరకు ఘాట్‌లో వాన చూశాం, లంబసింగిలో చలి చూశాం, ఇదొక లెక్కా" అంటున్నారు. ఇద్దరు మాత్రం భయపడుతున్నారు. ఎవరి మాట వినమంటారు? (పాఠకుడు, హైదరాబాద్)*

జవాబు: భయపడుతున్న ఆ ఇద్దరి మాట వినండి. వాళ్లు పిరికివాళ్లని మిగతావారు అనుకుంటూ ఉండవచ్చు గానీ, ఆల్ప్స్ కనుమల విషయంలో లెక్క వాళ్ల వైపే ఉంది.

అరకు ఘాట్‌లో మనం తడిసేది వెచ్చని వానలో. లంబసింగిలో వణికేది శీతాకాలపు తెల్లవారుజామున, అదీ ఒళ్లు పొడిగా ఉన్నప్పుడు. ఆ రెండూ ఒకేసారి మీద పడితే ఎలా ఉంటుందో మన ఘాట్ రోడ్లు మనకు నేర్పలేదు. వాతావరణంలో ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సగటున 6.5 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డుకు ఉత్తరాన ఉన్న జెల్ ఆమ్ జే ఊరు సుమారు 750 మీటర్ల ఎత్తులోనూ, ఆ రోడ్డు మీద హోఖ్‌టోర్ శిఖర భాగం 2,504 మీటర్ల ఎత్తులోనూ ఉన్నాయి. కింద సరస్సు ఒడ్డున 13 డిగ్రీలు ఉండి హాయిగా అనిపించిన రోజున పైన 2 డిగ్రీలు ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే, గాలి తగిలే చర్మానికి ఆ 2 డిగ్రీలే మైనస్ 5 డిగ్రీలతో సమానం. గ్లోవ్‌లు తడిసి ఉంటే చేతులు ఇంకా త్వరగా చల్లబడతాయి. ఒళ్లు చల్లబడినప్పుడు శరీరం గుండెకూ కడుపుకూ వేడిని నిలుపుకోవడానికి చేతులకు, కాళ్లకు రక్తాన్ని తగ్గిస్తుంది. బైకు మీద మన ప్రాణం ఉన్నదే వేళ్లలో; క్లచ్, ముందు బ్రేకు, యాక్సిలరేటర్ అన్నీ వాటి పనే.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. కొన్నేళ్ల కిందట మేము ఏడుగురం సెప్టెంబరులో అదే రోడ్డు ఎక్కాం. టోల్ గేటు దగ్గర సన్నని తుంపర పడుతోంది. ఎవరూ ఏమీ అనలేదు, ముందున్నవాడు కదిలాడు, వెనక అందరం కదిలాం. ఆ రోడ్డు మీద మలుపులకు సంఖ్యలతో, ఎత్తుతో బోర్డులు ఉంటాయి. మొదట వాటిని సరదాగా లెక్కపెట్టుకుంటూ వెళ్లినవాళ్లం, రెండు వేల మీటర్లు దాటాక తుంపర కాస్తా మంచు కలిసిన వానగా మారడంతో తలెత్తి చూడడమే మానేశాం. వరుసలో నాలుగోవాడైన మా మిత్రుడు ఒక కుడి మలుపులో, మనిషి నడిచేంత వేగంలో, బండితో సహా పక్కకు ఒరిగిపోయాడు. క్లచ్ పట్టుకోవాలని అతనికి తెలుసు, వేళ్లే ముడుచుకోలేదు. అదృష్టవశాత్తు మణికట్టు బెణకడంతో పోయింది. పైన ఉన్న విడిదిలో గ్లోవ్ ఊడదీసి పిండితే నీళ్లు ధారగా కారాయి. వేళ్లు నానబెట్టిన బియ్యంలా తెల్లగా ఉన్నాయి. టీ కప్పు చేతికిస్తే పట్టుకోలేక రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అందరూ వెళుతున్నారు కదా, నా ఒక్కడి కోసం ఎందుకు ఆపాలి అనుకున్నాను" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఎందుకంటే ఆ రోజు గేటు దగ్గర నా చేతులూ చల్లబడే ఉన్నాయి, నేనూ అదే కారణంతో నోరు మెదపలేదు.

బృందంలో వానకంటే ప్రమాదకరమైనది ఈ మొహమాటం. దానికి విరుగుడు ముందే ఏర్పాటు చేసుకోవాలి, ఎందుకంటే వానలో నిలబడి చర్చిస్తే ఎప్పుడూ తొందరపడేవాడి మాటే చెల్లుతుంది. మీరు హైదరాబాద్‌లోనే కూర్చుని రెండు విషయాలు ఒప్పుకోండి. ఒకటి, కనుమ ఎక్కాలా వద్దా అన్నది ఎప్పుడూ కొండ కిందే, హెల్మెట్లు తీసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిర్ణయించాలి. రెండు, ఏ ఒక్కరు "ఈరోజు నేను ఎక్కను" అన్నా కారణం అడగకుండా బృందమంతా రెండో దారిలో వెళ్లాలి. అడిగేటప్పుడు కూడా అందరికంటే అనుభవం తక్కువ ఉన్నవారిని ముందు అడగండి. పెద్దవాడు, అనుభవజ్ఞుడు "పరవాలేదు, వెళ్దాం" అనేశాక చిన్నవాడు కాదనడం మన ఇళ్లలో ఎంత కష్టమో అక్కడా అంతే కష్టం.

రెండో దారి అన్నాను కదా, దాన్ని ముందు రోజు రాత్రే పటంలో చూసి పెట్టుకోవాలి. మీ దారిలో ప్రతి పెద్ద కనుమకూ అలాంటిది ఉంది. గ్రాస్‌గ్లాక్నర్ బదులు జెల్ ఆమ్ జే నుంచి పడమరగా మిట్టర్‌జిల్ వెళ్లి, ఫెల్బర్‌టావర్న్ సొరంగం గుండా దక్షిణానికి దిగవచ్చు. అది సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉన్న టోల్ దారి, అంటే 900 మీటర్ల మేర తక్కువ చలి. డోలమైట్స్‌లో పోర్దోయి, సెల్లా కనుమలు రెండూ 2,200 మీటర్లు దాటినవే. అక్కడ మబ్బు దిగితే లియెంట్స్ నుంచి బ్రునికో మీదుగా బ్రెస్సనోనే వైపు లోయలోనే సాగిపోండి. 2,757 మీటర్ల స్టెల్వియో మూసేస్తే, లేదా మీకే వద్దనిపిస్తే, రెషెన్ కనుమ సుమారు 1,500 మీటర్లలోనే ఉంది, సరస్సు నీళ్లలోంచి పైకి లేచిన పాత చర్చి గోపురం కనిపించేది ఆ దారిలోనే. స్విట్జర్లాండ్‌లోని ఫుర్కా సంగతి ఇంకా సులువు. రియాల్ప్, ఓబర్‌వాల్డ్ ఊళ్ల మధ్య 15.4 కిలోమీటర్ల రైలు సొరంగం 1982 నుంచి నడుస్తోంది. వాహనాలను ఎక్కించుకునే ఆ రైలులో బైకులనూ ఎక్కించుకుంటారు. పైన మంచు కురుస్తున్నప్పుడు ఆ కాసేపటి రైలు ప్రయాణం ఓటమి అనుకోవద్దు, అక్కడివారు చేసేదీ అదే.

ఇంకో మాట కూడా మీకు పనికొస్తుంది. ఆల్ప్స్ పర్వతాలు మబ్బులకు అడ్డుగోడ. పడమటి కనుమలకు అటువైపు అగుంబెలో కుండపోతగా కురిసే రుతుపవనం ఇటు అనంతపురం చేరేసరికి ఎలా ఎండిపోతుందో, అక్కడా అలాగే జరుగుతుంది. కాకపోతే అక్కడ గాలి ఏ వైపు నుంచైనా వీచవచ్చు. దక్షిణపు గాలి వీచే రోజుల్లో డోలమైట్స్ వైపు ఎడతెరిపి లేని వాన కురుస్తుంటే కొండలకు ఉత్తరాన ఉన్న ఇన్స్‌బ్రుక్‌లో ఆకాశం విప్పారి వెచ్చగా ఉంటుంది. వాయవ్యపు గాలి అయితే సాల్జ్‌బర్గ్ తడిసి ముద్దవుతుంటే దక్షిణాన ఉన్న గార్దా సరస్సు దగ్గర ఎండ కాస్తుంది. కాబట్టి మూడు రోజుల వాన చెప్పారంటే యాత్ర పోయినట్టు కాదు, కొండకు ఏ వైపు ఉండాలో మార్చుకోవాలి. దక్షిణపు గాలి రోజుల్లో మాత్రం ఒక జాగ్రత్త అవసరం: ఇన్స్‌బ్రుక్ చుట్టుపక్కల అది ఈదురుగాలిగా వచ్చి, ఎత్తైన వంతెనల మీద బండిని పక్కకు నెడుతుంది.

ఇలా వైపు మార్చుకోవాలంటే మీ హోటళ్లే అడ్డు. డబ్బు కట్టేసిన గది కోసం కనుమ ఎక్కినవాళ్లను నేను చూశాను. ఇప్పటికైనా రద్దు చేసుకునే వీలున్నవాటికి మార్చుకోండి, పది రోజుల్లో కనీసం రెండింటిని ఏ ఊరికీ కేటాయించకుండా ఖాళీగా ఉంచండి. ఫుర్కాను వదిలేస్తే ఆ రెండు రోజులూ మిగులుతాయి. నన్నడిగితే అదే చేయమంటాను.

*ప్రశ్న: నేను మా వారి వెనక కూర్చుని వెళతాను. బండి నడిపేవారికి చెప్పే జాగ్రత్తలే అందరూ చెబుతారు. వానలో, చలిలో వెనక కూర్చునేవారు ఏం చేయాలి? (పాఠకురాలు, విశాఖపట్నం)*

జవాబు: మంచి ప్రశ్న అడిగారు, దీన్ని మేమంతా నిర్లక్ష్యం చేస్తాం. వెనక కూర్చున్నవారికి నడిపేవారికంటే ముందే చలి పడుతుంది, ఎందుకంటే మీకు చేతులతో, కాళ్లతో పని ఉండదు, కదలిక లేని ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. వేడెక్కే గ్రిప్‌లు ఉన్న బండిలోనూ ఆ వేడి ముందు వారికే. అందుకని ఆయనకంటే ఒక పొర ఎక్కువే వేసుకోండి. ఒంటికి ఆనే పొర నూలుది కాకుండా ఉన్నిదో, థర్మలో ఉండాలి; నూలు తడిస్తే ఆరదు, వేడినీ నిలపదు. దాని మీద రైడింగ్ జాకెట్, ఆపైన వదులుగా ఉండే రెయిన్ సూట్. గ్లోవ్ అంచు రెయిన్ సూట్ చేతి లోపలికి పోవాలి, లేకపోతే చేతి మీదుగా జారిన నీళ్లు నేరుగా గ్లోవ్‌లోకి దిగుతాయి. రెయిన్ సూట్‌ను వాన మొదలయ్యాక రోడ్డు పక్కన ఒంటికాలి మీద నిలబడి తొడుక్కోవడం కంటే, మబ్బు చూసి బయలుదేరేటప్పుడే వేసుకోవడం మేలు.

మీకు ఇంకొక పని కూడా అప్పగిస్తున్నాను. ఒళ్లు చల్లబడిన మనిషికి తాను సరిగా నడపడం లేదన్న సంగతి తెలియదు. ఆయన మాట ముద్దగా వస్తున్నా, ఎప్పుడూ సాఫీగా తిరిగే మలుపుల్లో బండి కుదుపులతో తిరుగుతున్నా, ముందుగా గమనించగలిగేది మీరే. ఆయన భుజం మీద రెండుసార్లు తడితే వెంటనే ఆపాలని ముందే మాట తీసుకోండి. వణుకు తగ్గకముందే మళ్లీ ఎక్కవద్దు.

*ప్రశ్న: మ్యూనిక్‌లో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చే ఐదుగురు మిత్రులను నేనే ముందుండి తీసుకువెళ్లాలి. వాళ్లు కుడివైపు నడపడం ఇదే మొదటిసారి. వానలో వరుస ఎలా పెట్టుకోవాలి? (పాఠకుడు, మ్యూనిక్)*

జవాబు: మీ వెనకే, రెండో స్థానంలో, అందరికంటే కొత్తవారిని ఉంచండి. మీరు అద్దంలో చూస్తూ వారి వేగానికే నడపండి. చివరన నిలకడ గల మనిషి ఒకరు ఉండాలి. ఆ చివరి బండి కంటే వెనక ఎవరూ ఉండకూడదు, ముందు బండిని ఎవరూ దాటకూడదు. మధ్యలో ఉన్నవాళ్లు ముందువాళ్లను అందుకోవాలన్న ఆత్రంతోనే ఎక్కువగా పడతారు, కాబట్టి ఆ ఆత్రాన్ని తీసేయాలి. దారి చీలిన ప్రతి చోటా ప్రతివారూ తమ వెనకవారు కనిపించేదాకా ఆగుతారని ఒప్పందం ఉంటే ఎవరూ పరుగెత్తాల్సిన పని ఉండదు.

పొడి రోడ్డు మీద ముందు బండికి రెండు సెకన్ల దూరం చాలంటారు. తడి రోడ్డు మీద దాన్ని నాలుగు చేయండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 65 మీటర్లు. అంత దూరం వదిలితే మధ్యలోకి కార్లు దూరుతాయి, దూరనివ్వండి. మలుపుల రోడ్డు మీద పక్కపక్కన కాకుండా ఒకరి వెనక ఒకరుగానే సాగాలి.

ఇక కుడివైపు నడపడం గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. మనవాళ్లకు ఘాట్ రోడ్డులో ఇరుకైన మలుపు ఎడమది, విశాలమైనది కుడిది. చేతులకు అలవాటైంది అదే. అక్కడ ఇది తలకిందులవుతుంది. కుడి హెయిర్‌పిన్, అంటే దాదాపు వెనక్కి తిరిగిపోయే మలుపు, లోపలి అంచున, నిట్టనిలువుగా, ఇరుకుగా వస్తుంది. ఎక్కేటప్పుడు అక్కడే వేగం చచ్చిపోయి, బండి ఆగిపోయి, కాలు కింద పెడితే నేల అందక పడతారు. నేను పైన చెప్పిన మా మిత్రుడు పడిందీ అలాంటి మలుపులోనే. స్టెల్వియోకు ప్రాతో వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్‌లు వస్తాయి. మీ మిత్రులను నేరుగా అక్కడికి తీసుకువెళ్లవద్దు. మొదటి రోజు ఏదైనా చిన్న కొండదారిలో, పొడిగా ఉన్నప్పుడు, కుడి మలుపులను మొదటి గేరులో, చూపును మలుపు చివరకు తిప్పి, వెనక బ్రేకును తేలికగా పట్టి ఎక్కడం పదిసార్లు చేయించండి.

రోడ్డు మీద తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, పగుళ్లకు పూసిన తారు చారలు, ఊళ్లలో ట్రాము పట్టాలు తడిస్తే సబ్బు రాసినట్టు జారతాయి. చాలా రోజుల ఎండ తర్వాత మొదటి జల్లు పడినప్పుడు, రోడ్డు మీద పేరుకున్న నూనె తేలి మొదటి పావుగంట మరీ జారుడుగా ఉంటుంది, అప్పుడు ఎక్కడైనా ఆగి కాఫీ తాగడం ఉత్తమం. సెప్టెంబరులో ఇంకొకటి కూడా ఉంది. వేసవంతా కొండల మీద మేసిన ఆవులను మెడగంటలతో, పూలతో అలంకరించి కిందికి తోలుకొచ్చేది ఆ నెలలోనే. చూడముచ్చటగా ఉంటుంది గానీ, మంద వెళ్లిన రోడ్డు మీద వాన పడితే ఆ పేడ మీద ఏ టైరూ నిలవదు. ఎదురుగా గంటల శబ్దం వినిపిస్తే ఇంజను ఆపి పక్కకు నిలబడండి.

*ప్రశ్న: నాకు కళ్లద్దాలు ఉన్నాయి. వానలో హెల్మెట్ అద్దం మూస్తే ఆవిరి పడుతుంది, తెరిస్తే నీళ్లు కొడతాయి. ఏం చేయాలి? (పాఠకుడు, రాజమహేంద్రవరం)*

జవాబు: హెల్మెట్ అద్దానికి లోపలి వైపు అమర్చే పిన్‌లాక్ అనే రెండో పొర దొరుకుతుంది, దాన్ని ఇక్కడే కొని బిగించుకుని వెళ్లండి. ఊపిరి పైకి రాకుండా ముక్కు కింద అడ్డుగా ఉండే ముక్క కూడా చాలా హెల్మెట్లకు అమరుతుంది. కళ్లద్దాల మీద చుక్క గిన్నెల సబ్బు రాసి మెత్తని గుడ్డతో తుడిస్తే కొన్ని గంటలపాటు ఆవిరి పట్టదు. అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది సొరంగాల దగ్గర. బయట చలిలో చల్లబడిన అద్దాలతో లోపలి వెచ్చని, తేమ నిండిన గాలిలోకి వెళ్లగానే ఒక్క క్షణంలో ఏమీ కనిపించదు. సొరంగం నోటికి ముందే వేగం తగ్గించి, హెల్మెట్ అద్దాన్ని వేలెడంత తెరిచి పెట్టుకోండి.

*ప్రశ్న: అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, బీమా ఉంటే చాలా? (పాఠకుడు, వరంగల్)*

జవాబు: పర్మిట్ మన రవాణా శాఖ ఇచ్చేదే, ఏడాది చెల్లుతుంది, అసలు లైసెన్సును కూడా వెంట ఉంచుకోవాలి. ఆ లైసెన్సులో గేర్లున్న మోటారు సైకిల్ తరగతి ఉండాలి. కారుకు మాత్రమే లైసెన్సు ఉండి ఇక్కడ బైకు నడిపేస్తున్నవారు అక్కడ ప్రమాదం జరిగితే బీమాను పోగొట్టుకోవచ్చు. ప్రయాణ బీమా పత్రంలో మోటారు సైకిల్ అన్న మాట ఎక్కడుందో వెతికి చదవండి. చాలా పాలసీలు దాన్ని సాహస క్రీడ కింద మినహాయిస్తాయి, కొన్ని ఇంజను సామర్థ్యానికి హద్దు పెడతాయి. కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దించే ఖర్చు అందులో కలుస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అద్దె బండి విషయంలో, నిలబడి ఉన్న బండి పక్కకు ఒరిగినా మీరు కట్టవలసిన మొత్తం ఎంతో సంతకానికి ముందే చూడండి.

*ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో కలిసి ఆల్ప్స్‌కు బైకు మీద వెళుతున్నాడు. వద్దని చెప్పలేను, నిశ్చింతగా ఉండనూ లేను. నేను వాడిని ఏం అడగాలి? (ఒక తల్లి, గుంటూరు)*

జవాబు: అమ్మా, వద్దని చెప్పకపోవడమే మంచిది. రోజుకు రెండు సందేశాలు మాత్రం అడగండి. కనుమ ఎక్కబోయే ముందు కింది ఊరి పేరుతో ఒకటి, అవతల దిగాక ఆ ఊరి పేరుతో ఒకటి. మధ్యలో మీరు ఫోన్ చేయకండి, మోగే ఫోన్ మలుపులో మనసును లాగుతుంది. యూరప్ అంతటా పనిచేసే అత్యవసర సంఖ్య 112 అని, అది తనకు తెలిసినా సరే, మీ నోటితో ఒకసారి చెప్పండి. కొండ కింద దారి తెరిచి ఉందో లేదో చెప్పే బోర్డు ఉంటుంది. దాని మీద జర్మన్‌లో "గెష్లోసెన్" అనో, ఇటాలియన్‌లో "కియూసో" అనో ఉంటే మూసివేశారని అర్థం. వాడు ఎప్పుడైనా ఆ మాటలు రాసి వెనక్కి తిరిగానని చెబితే, "అయ్యో, అంత దూరం వెళ్లి చూడలేకపోయావా" అనకండి, "మంచి పని చేశావు, వేడిగా ఏమైనా తిను" అనండి. రాత్రి తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలను ఉండలు చుట్టి కుక్కమనండి, గంటకోసారి మార్చితే తెల్లవారేసరికి చాలావరకు ఆరతాయి. మొదటి సందేశానికీ రెండో సందేశానికీ మధ్య మూడు గంటలు పట్టినా కంగారు పడకండి, వానలో ఒక పెద్ద కనుమను నిదానంగా ఎక్కి, పైన చేతులు కాచుకుని దిగడానికి అంత సమయం పడుతుంది.